బాలింత సేవ: పురిటిగది నుండి ప్రసూతి వార్డు వరకు

మన జిల్లాలలోని పాత ప్రసూతి ఆసుపత్రులలో దేనికి వెళ్ళినను వాకిటి గోడకు చలువరాతి పలక యొకటి కనబడును. ఏ రాజావారు ఎంత విరాళమిచ్చిరి, ఏ దొరసాని పునాదిరాయి వేసెను, ఏ సంవత్సరమున తలుపులు తెరచిరి అను సంగతులు దానిపై చెక్కబడి యుండును. బిడ్డ భూమిమీద పడిన తరువాత, నెత్తురు నిలిచినదో లేదో యని నడిరేయి లాంతరు పట్టుకొని వచ్చి చూచినదెవరు, తడిసిన గుడ్డలు మార్చినదెవరు, పాలు గడ్డకట్టి జ్వరముతో మూలుగుచున్న పదునెనిమిదేండ్ల పిల్ల ప్రక్కన కూర్చున్నదెవరు అన్నది ఏ పలకమీదను లేదు. ఆసుపత్రుల చరిత్రను మనము దాతల చరిత్రగను, వైద్యుల చరిత్రగను వ్రాసికొంటిమి గాని, బాలింతకు జరిగిన సేవయొక్క చరిత్రగా వ్రాసికొనలేదు. నేడు కాన్పు గదిలో చూపు జాగ్రత్తలో సగమైనను కాన్పు తరువాతి వార్డులో లేదని స్త్రీలు చెప్పుకొను మాట నిజమే. అయితే ఈ లోపము మన ఆసుపత్రులకు పుట్టుకతో వచ్చినది కాదు. అది నడుమ వచ్చినది. ఎట్లు వచ్చినదో తెలియవలెనన్న పురిటిగది నుండి మొదలుపెట్టవలెను.

పూర్వము తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. ఇంటి వెనుక పెరటివైపున ఒక చిన్నగదిని, గాలి చొరకుండ కిటికీ మూసి, గుమ్మమునకు వేపమండలు చెక్కి, మూలన కుంపటి యుంచి, నులకమంచముపై పాతచీరలు పరచి సిద్ధము చేసెడివారు. కబురందుకొని మంత్రసాని వచ్చెడిది. ఆమె తరచుగా మంగలి, చాకలి, మాల, మాదిగ కుటుంబములలోని స్త్రీ. విద్యను తల్లివద్దనో అత్తవద్దనో చూచి నేర్చినది. ఆ యూరిలో సగముమందికి బొడ్డుకోసిన చేయి ఆమెది. తక్కిన దినములలో ఆమెను గడప దాటనీయనివారే పురుటి పది దినములు తమ యింటి ఆడుబిడ్డ ప్రాణమును ఆమె చేతిలో పెట్టిరి.

ఆమె పని కాన్పుతో ముగియలేదు. పదునొకండవనాడు శుద్ధియగువరకు ప్రతిదినము ప్రొద్దుననే వచ్చి, బాలింతకు ఒడలంతయు నూనె పట్టించి, వేపాకు వేసి కాచిన నీళ్ళు వీపుమీద ధారగా పోసి, తల ఆరబెట్టి సాంబ్రాణి పొగ వేసి, పాతచీర చీలికతో నడుము బిగించి కట్టి, పిమ్మట పీటమీద కాళ్ళు చాచి కూర్చుండి, బిడ్డను కాళ్ళపై బోర్ల పరుండబెట్టుకొని నలుగుపెట్టి నీళ్ళుపోసి, ముక్కును తలను ఒత్తి, తల్లి ప్రక్కన చేర్చి పోయెడిది. ఆమె పోయిన తరువాత ఇంటిలోని పెద్దది కాయము తెచ్చెడిది. సొంఠి, మిరియాలు, పిప్పళ్ళు మెత్తగా దంచి బెల్లపుపాకములో నేయి పోసి కలిపిన ఆ ముద్దను పరగడుపున ఉండచేసి తినిపించి, మధ్యాహ్నమునకు పాతబియ్యపు అన్నములో వెల్లుల్లి కారము, నేయి వేసి పెట్టుదురు. రాత్రి గుమ్మమునకు అడ్డముగా ఒక ముసలమ్మ పండుకొనును. బాలింత కదలిన ఆమెకు మెలకువ వచ్చును.

ఈ ఏర్పాటును పొగడుచు పోవుటకు వీలులేదు. బొడ్డును కొడవలితోనో కత్తితోనో కోసి బూడిదనో పేడనో అద్దిన ఫలితముగా వారము తిరుగకముందే ధనుర్వాతమున పోయిన బిడ్డలకు లెక్కలేదు. మాయ పడకున్న కడుగని చేతితో లోపల వెదకుటచే సూతికాజ్వరము పుట్టి, దానిని గాలియనియు, దృష్టియనియు, సన్నియనియు అనుకొని చేతులు ముడుచుకొని చూచుచుండగనే తల్లులు పోయిరి. ముర్రుపాలు చెడుపాలని పిండి పారబోసి, మూడుదినములు బిడ్డ నోట ఆముదమో చక్కెరనీళ్ళో పోసిరి. దాహమని మొఱపెట్టుకొనిన బాలింతకు ఒడలు నీరుపట్టునని గ్రుక్కెడు నీళ్ళు మాత్రమే ఇచ్చిరి. పురిటిగదిలో శుచి లేదు, శాస్త్రము లేదు. మనిషి తోడు మాత్రము ఏ క్షణమునను లోపించలేదు. ఆసుపత్రి వచ్చి శుచిని, శాస్త్రమును తెచ్చినది. ఆ తోడును నిలుపుకొనెనా లేదా అన్నదే నేను చెప్పదలచిన కథ.

మన ప్రాంతములు చెన్నరాజధానిలో భాగమై యుండిన కాలమున, 1844లో చెన్నపట్టణమున ప్రసూతి ఆసుపత్రి యొకటి వెలసినది. ఎగ్మూరు ఆసుపత్రియని తెలుగు జిల్లాలవారును ఎఱిగినది అదియే. అచ్చట శిక్షణ పొందిన మిడ్‌వైఫులు క్రమముగా మన తాలూకా కేంద్రములలోని లోకల్‌ఫండు ఆసుపత్రులకు వచ్చిరి. ప్రజలు వెంటనే వారివద్దకు పోలేదు. దీనిని మూఢత్వమని కొట్టివేసినవారు ఆనాటి ఐరోపా సంగతి మరచినవారు. వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో వైద్యవిద్యార్థులు పురుడుపోయు విభాగమున సూతికాజ్వరముతో మరణించు తల్లులు, మంత్రసానులు పురుడుపోయు విభాగమునకంటె ఎంతో అధికముగా ఉండిరనియు, శవపరీక్షచేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పుగదికి వచ్చుటయే దానికి కారణమనియు గ్రహించి సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు సున్నపుక్లోరైడు నీళ్ళతో చేతులు కడిగించినది 1847లో. మరణములు తగ్గినను తోటివైద్యులు ఆయన మాట చెవిని పెట్టలేదు. ఫ్లారెన్సు నైటింగేలు లండనులోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకై నెలకొల్పిన ప్రసూతివార్డు ఆ జ్వరము మూలముననే 1867లో మూతపడినది. ఆమె ఊరుకొనక, ఇంట పురుడు వచ్చినవారి మరణములను, ఆసుపత్రులలోని మరణములను లెక్కలు కట్టి, ఆసుపత్రులలోనే అపాయము హెచ్చని 1871లో పుస్తకమే ప్రకటించెను. కాబట్టి ఆ రోజులలో ఆసుపత్రికి పోనని మొరాయించిన మన ముత్తవ్వలు తెలియక తప్పు చేసిరని అనుటకు లేదు.

క్రిమిసిద్ధాంతము స్థిరపడి, చేతులు, పనిముట్లు కడుగుట ఆచారమైన తరువాతనే ఆసుపత్రికి పోవుట మేలైనది. అప్పటికి వేరొక అడ్డంకి మిగిలినది. ఘోషా పాటించు ఇండ్ల స్త్రీలు, అగ్రవర్ణముల స్త్రీలు పరపురుషుడైన వైద్యుని ఎదుటికి రారు. మేరీ షార్లీబ్ అను ఆంగ్లేయవనిత, చెన్నపట్టణపు న్యాయవాది భార్య, తొలుత ఆ ప్రసూతి ఆసుపత్రిలోనే మంత్రసాని పని నేర్చి, 1875లో చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చేరిన తొలి నలుగురు స్త్రీలలో ఒకతె అయి, లండనులో పట్టము పొంది తిరిగివచ్చి, 1885లో అగ్రవర్ణ, ఘోషా స్త్రీల ఆసుపత్రిని స్థాపించెను. దాని కట్టడమునకు మన వేంకటగిరి రాజావారు లక్ష రూపాయలు ఇచ్చిరి. అదే సంవత్సరము వైస్రాయి భార్య డఫరిన్ దొరసాని పేరిట స్త్రీల వైద్యసహాయనిధి ఏర్పడినది. విశాఖపట్టణమునను విజయనగరమునను ప్రసూతి ఆసుపత్రులను జనులు నేటికిని ఘోషాసుపత్రి యనియే పిలుచుచున్నారు. నిజాము రాజ్యమున అట్టిది జచ్చాఖానా. పేర్లు మారినను ఏర్పాటొక్కటే: మగవాని నీడ పడని గోడలు, స్త్రీయే వైద్యురాలు, స్త్రీయే నర్సు.

గుంటూరు కథ ఇందులో తలమానికము. ఆనా సారా కుగ్లర్ అను అమెరికను వైద్యురాలు 1883లో అచ్చటికి వచ్చెను. వైద్యము చేయించుటకు ఆమెను పంపిన లూథరన్ మిషనువారు మొదట సిద్ధముగా లేరు. ఇండ్లకు పోయి స్త్రీలకు చదువు చెప్పు పనిమీదనే పంపిరి. ఆమె చదువు చెప్పుచునే మందులిచ్చెను. క్రమముగా మందులగది, పందొమ్మిదవ శతాబ్ది చివర స్త్రీలకు, శిశువులకు నిండైన ఆసుపత్రి వెలసినవి. 1930లో గుంటూరులోనే కన్నుమూయువరకు ఆమె ఆ ఆసుపత్రిని విడువలేదు. ఊరు ఆమె పేరును విడువలేదు, నేటికిని అది కుగ్లర్ ఆసుపత్రియే. అచ్చట సేవ ఎట్లు జరగవలెనన్న ప్రశ్నకు ఊరే ఒక జవాబు చెప్పినది. మిషను ఆసుపత్రి వంట తినుటకు అన్ని కులములవారును ఒప్పుకొనరు. బాలింతకు పథ్యపు వంట కావలెను. తోడువచ్చిన తల్లికి నిలువ నీడ కావలెను. తమ కుటుంబమునకు కుగ్లరమ్మ చేసిన చికిత్సకు కృతజ్ఞులైన ఏలూరు రాజా భుజంగరావుగారు ఆసుపత్రి కెదురుగా సత్రము కట్టించి ఇచ్చిరి. రోగివెంట వచ్చిన కుటుంబము ఆసుపత్రికి అడ్డమని కాక, చికిత్సలో భాగమని తలచి కట్టిన కట్టడమది. లక్షలు పోసి ఆపరేషనుగదులు కట్టించిన విరాళముల కంటె ఆ సత్రము నా దృష్టిలో గొప్పది.

నర్సులెవరు అన్నది తరువాతి ప్రశ్న. మైలగుడ్డ ముట్టుకొను పని మంత్రసానిదే అన్న తలపు వందల యేండ్లుగా పాతుకొని యుండుటచే, ఆ పనినే తెల్లని దుస్తులు కట్టి ఆసుపత్రిలో చేయుటకు కులస్థుల ఇండ్ల ఆడుపిల్లలు చిరకాలము రాలేదు. వచ్చినవారు ఆంగ్లో ఇండియనులు, మన క్రైస్తవ కుటుంబముల బాలికలు, తరువాతి కాలమున మలయాళదేశము నుండి వచ్చి కృష్ణా గోదావరి జిల్లాల యాస నేర్చిన సిస్టర్లు. తెలుగుతల్లులు ఎవరి చేతులలో తేరుకొనిరో ఆ చేతులకు పెండ్లిసంబంధము వెదకునపుడు సమాజము వంక పెట్టినది. 1926లో చెన్నరాజధానిలో నర్సుల, మిడ్‌వైఫుల చట్టము వచ్చి వారి పేర్లు రిజిస్టరుకెక్కినవి గాని, గౌరవము చట్టముతో రాలేదు. ఈ గోడను లోపలి నుండి పడగొట్టుటకు పూనుకొన్నవారిలో దుర్గాబాయమ్మ ముఖ్యురాలు. 1937లో చెన్నపట్టణమున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ ఆసరా లేని తెలుగుస్త్రీలకు చదువుతోబాటు నర్సింగు మొదలైన వృత్తులలో శిక్షణ ఇప్పించి, స్వయముగా నర్సింగుహోము నడిపినది. బెజవాడలో వైద్యము చేసిన కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతినిగూర్చి, శిశుపోషణనుగూర్చి తెలుగు స్త్రీలు చదువుకొనునట్లు తెలుగుననే గ్రంథము వ్రాసిరి.

అయినను అవసరమునకు, ఉన్నవారికి పొంతన లేదు. దేశపు ఆరోగ్యస్థితిని విచారించిన భోర్ సంఘము 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారము బ్రిటిషిండియా అంతటికిని నర్సులు 7,000, మిడ్‌వైఫులు 5,000. అనగా 43,000 మందికి ఒక్క నర్సు. వేయి ప్రసవములకు ఇరువదిమంది తల్లులు పోవుచుండిరి. ఆ గండము రాజమందిరపు గడపను సయితము విడువలేదు. హైదరాబాదు రాకుమారి నీలోఫరుగారి దాసి యొకతె ప్రసవమున మరణించుటయు, ఆ దుఃఖమే పిమ్మట 1953లో తెరచిన నీలోఫర్ ఆసుపత్రికి మూలమగుటయు అందరెఱిగినవే.

ఇంతటి కొరతలోను ఆనాటి పెద్ద ప్రసూతివార్డులలో బాలింతకు జరిగిన సేవను దగ్గరగా చూడవలసియున్నది. కాన్పుగది నుండి మంచమునకు తెచ్చిన వెంటనే నర్సు ఆమె పొత్తికడుపుపై అరచేయి యుంచి చూచెడిది. గర్భాశయము బంతివలె గట్టిగా తగిలినచో క్షేమము. మెత్తబడి చేతికి దొరకనిచో నెత్తురు లోన నిలుచుచున్నదని గుర్తు. అప్పుడు వ్రేళ్ళతో గుండ్రముగా రుద్ది గట్టిపరచి, గడ్డలను బయటకు నెట్టించి, గుడ్డ ఎంత తడిసినదో చూచి, నాడి పట్టి, కాగితముపై వ్రాసికొనెడిది. కాన్పయిన తొలి రెండుగంటలు పావుగంటకొకమారు ఇట్లు చూడవలెనన్నది నేటికిని మారని నియమము; ఏలయన తల్లిని కొనిపోవు రక్తస్రావము హెచ్చుగా ఆ మొదటి దినముననే సంభవించును. పిమ్మట ప్రతి ఉదయమును అదే చేయి అదే పొట్టమీద. గర్భాశయము దినమునకు ఒక వ్రేలివెడల్పు చొప్పున దిగుచుండును. ఏనాడు దిగలేదో ఆనాడు నర్సు డాక్టరమ్మకు చెప్పును. పొటాషియం పర్మాంగనేటు కలిపిన గులాబిరంగు నీళ్ళతో కుట్లు కడుగుట, మంచముమీదనే బెడ్‌పాను పెట్టుట, నడుమునకు వెడల్పు గుడ్డపట్టీ చుట్టుట, రొమ్ములు బిగిసిన తల్లికి వేడిగుడ్డ కాపడము పెట్టి పాలు పిండి చూపుట, ఇవియన్నియు నర్సులు, మిడ్‌వైఫు విద్యార్థినులు చేయు పనులే. బిడ్డకు ముర్రుపాలు పట్టుమని వారు చెప్పిన, అమ్మమ్మ ఒప్పుకొనదు. “అవి చీముపాలు నర్సమ్మా, పిల్లవాడికి వాంతులవుతాయి” అని ఆమె. “ఏమీ కావు పెద్దమ్మా, ఇవే వాడికి మొదటి మందు, నేనున్నాగా” అని నర్సు. ఆ ‘నేనున్నాగా’ అన్న మాటకు తలయొగ్గి ఎన్ని ఇండ్లలో తరతరాల ఆచారము మారెనో!

ఆసుపత్రి ఆ రోజులలో బాలింతను పది దినములు ఉంచెడిది. పది పండ్రెండు దినములకు గర్భాశయము కటియెముకల మధ్యకు దిగి చేతికి తగులకపోవును. మన పురుటిదినములును పదియే. శాస్త్రమును ఆచారమును వేర్వేరు దారుల వచ్చి ఒకచోట కలిసికొనినట్లున్నది. కుంపటి, పొగ, కొడవలి పోయినవి. పదిదినముల తోడు మిగిలినది. పురిటిగదిలోని మంచిని ఆసుపత్రి తనలోనికి తీసికొనిన కాలమది. ఆ కాలము ఎక్కువనాళ్ళు నిలువలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పడకలు, నర్సులు చాలక పాశ్చాత్యదేశములలో బాలింతలను త్వరగా లేపి నడిపింపవలసివచ్చి, అట్లు నడిచినవారికి కాళ్ళలో రక్తము గడ్డకట్టు అపాయము తగ్గుచున్నదని కనుగొనిరి. ఇది సత్యము, మేలైన సత్యము. మన ఆసుపత్రులలో ఆ సత్యము పడకల కొరతకు సాకైనది. లేచి నడువవచ్చునన్నది ఇంటికి పోవచ్చునన్నట్లయినది. పది దినములు అయిదై, అయిదు మూడై, కొన్నిచోట్ల మరునాటికే మంచము ఖాళీ చేయవలసివచ్చినది. ఇంజెక్షను, రక్తము, పెన్సిలిను అందుబాటునకు వచ్చి ఎందరి ప్రాణములో దక్కినవి. ఆ లాభమును తక్కువచేయుట అన్యాయము. కాని మందు బలపడిన కొలది చేయి దూరమైనది. ఒక్క నర్సు ముప్పది నలుబది మంచములకు రాత్రంతయు తిరుగుచు, ఇంజెక్షన్లిచ్చి, రిజిస్టర్లు నింపి, కాన్పుగదినుండి పిలుపు వచ్చిన పరుగెత్తుచు ఉండగా, పొట్టమీద చేయి పెట్టి చూచుట, పాలు పట్టుట నేర్పుట, బెడ్‌పాను పెట్టుట అను పనులు ఎవరికిని చెప్పకుండగనే బాలింత తల్లికి సంక్రమించినవి. మంచముక్రింద చాప పరచుకొని, ఫ్లాస్కుతో వేడినీళ్ళు తెచ్చుచు, మందులచీటీ పట్టుకొని మెట్లెక్కి దిగుచు, “నర్సమ్మా, పిల్లకి కుట్లు సలుపుతున్నాయంట, ఒక్కసారి చూడమ్మా” అని వరండాలో బ్రతిమాలుకొను ఆ యేబదియేండ్ల స్త్రీయే నేటి పెక్కు వార్డులలో నిజమైన నర్సు. ఆమెకు శిక్షణ లేదు. కూర్చుండుటకు బల్ల లేదు. గుంటూరు సత్రము కట్టినవారి చూపు మనకు పోయినది.

వార్డులోని ఆయాలు మగబిడ్డకింత, ఆడుబిడ్డకింత అని చేయిచాచుటయు తరచు వినవచ్చు ఫిర్యాదే. దాని వేరు కూడ చరిత్రలో ఉన్నది. మంత్రసానికి చీర, చేటెడు బియ్యము, నూనె ఇచ్చుట బహిరంగమైన ఆచారము. ఆ పనిని ఆసుపత్రి తీసికొని, చేయువారికి చాలని జీతమిచ్చినప్పుడు ఆ కానుక చీకటిదారి పట్టినది. పేదతల్లివద్ద వసూలుచేయుట క్షమింపరానిది. బ్రతుకుతెరువునకు చాలని నెలకూలికి ఆయాను ఉంచుటయు అంతే.

ఇటీవలి లెక్కలు చూడుడు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. మొత్తము కాన్పులలో నూటికి శస్త్రచికిత్సతో జరిగినవి తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. అనగా పొట్టకోసిన గాయముతో, ప్రక్కకు తిరుగుటకు సాయము కావలసి, బిడ్డను రొమ్ముకు చేర్చుకొనుటకును ఒక చేయి కావలసిన తల్లులు నేడు వార్డులలో ఎందరో. ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పునకు మూడుదినములు, శస్త్రచికిత్సకు ఏడుదినములు ఉచిత భోజనమివ్వవలెనని 2011 నుండి కేంద్రప్రభుత్వపు నియమమున్నది. బిడ్డతో ఇంటికి పంపుటకు ఉచితవాహనములున్నవి. ఇవి మంచివి. కాని భోజనము, వాహనము నర్సు చేయవలసిన పనిని చేయవు. నర్సులకే ప్రత్యేకముగా పదునెనిమిది నెలలు మిడ్‌వైఫరీ నేర్పు పథకము 2017లో తెలంగాణలో మొదలైనది. తల్లి ప్రక్క నిలుచుటయే వృత్తిగా గల మనిషిని తిరిగి తయారుచేయు ప్రయత్నమది. అది కాన్పుగది తలుపువద్ద ఆగిపోక, ప్రక్కనున్న వార్డులోనికి కూడ రావలెను.

మీ యూరి ఆసుపత్రి అభివృద్ధి సంఘములో మీరుగాని, మీకు తెలిసినవారుగాని కూర్చుండు సందర్భము వచ్చినపుడు, క్రొత్త యంత్రమేది కొనవలెనని చర్చించుటకు ముందు, బాలింతల వార్డులో రాత్రి పదిగంటలు దాటిన తరువాత ఎన్ని మంచములకు ఎందరు నర్సులున్నారో అడుగుడు. జవాబు వ్రాయించుకొనుడు. తోడువచ్చిన తల్లికి ఒక బల్ల, త్రాగుటకు వేడినీళ్ళు ఉన్నవో లేవో కూడ అడుగుడు.